దుబాసీ మింగేసిన మాట

మలాయి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు నెలలు గడిచాక, ఒక ఆదివారం పొద్దున, క్లాంగ్‌లో కన్నబాబు ఇంటి ముందు చిన్న నల్ల కారు ఆగింది. అందులోంచి దిగినామె పేరు దేవకి. కౌలాలంపూర్‌లో లాయరు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తాత రబ్బరు తోట ఆఫీసులో గుమాస్తాగా వచ్చినవాడు, తండ్రి రైల్వేలో చేసి రిటైరైనవాడు. ఇంట్లో తెలుగు ఉన్నా ఆమె నోట తమిళం, ఇంగ్లీషే ఎక్కువ. మాట చివర అక్కడి వాళ్ళలాగా 'లా' అనడం అలవాటు.

కన్నబాబు కోర్టులో దుబాసీ. తెలుగు, తమిళం, మలాయి మాట్లాడే సాక్షులు చెప్పింది మేజిస్ట్రేటుకి ఇంగ్లీషులో చెప్పడం అతని పని. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నించి రబ్బరు తోటలకి కూలికొచ్చిన వాళ్ళ తెలుగు అతనికి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకో దుబాసీకి తెలియదని పేరుంది.

అతని భార్య కూర్మమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. దేవకి రెండు గుక్కలు తాగి విషయానికొచ్చింది.

"అన్నా, మెలాతి తోట గుర్తుందా మీకు? యాభై ఒకటిలో ముగ్గుర్ని కాల్చేసినారు కదా. ఆ విచారణ కాగితంలో దుబాసీ అని మీ పేరు చూసినాను."

"గుర్తుంది" అన్నాడు కన్నబాబు.

"మేం నలుగురం లాయర్లు, యూనియన్ వాళ్ళు కలిసినాం. ఎమర్జెన్సీలో తోటల్లో సైన్యం చంపిన వాళ్ళ సంగతి, చూసిన వాళ్ళ నోటితోనే రాసి పెడుతున్నాం. కొత్త గవర్నమెంటుకి ఇచ్చి మళ్ళీ విచారించమంటాం. నా తెలుగు అందుకు చాలదు లా. మీరు వస్తే మంచిది. ఆ మనుషులు మీకు ముందే తెలుసు కదా."

రానంటే ఎందుకు రానంటున్నాడో చెప్పాల్సి వస్తుంది. అందుకని కన్నబాబు వస్తానన్నాడు. కూర్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి మొగుడి వైపు గర్వంగా చూసింది. ఆ చూపు అతనికి ఒంటిమీద బట్ట తీసేసినట్టు అనిపించింది.

యాభై ఒకటిలో జరిగింది ఇది. అడవుల్లో కమ్యూనిస్టులు తుపాకులతో ఉన్నారు, వాళ్ళని పట్టడానికి ఎమర్జెన్సీ పెట్టి ఇంగ్లీషువాళ్ళ సైన్యం తోటలన్నీ తిరుగుతోంది. అడవి వాళ్ళకి తిండి అందకూడదని, కూలీలు తాముండే వరస గదుల లైను ఇళ్ళు దాటి అన్నం పట్టుకెళ్ళడమే నేరం చేశారు. ఒక ఉదయం అప్పన్న, అతని తమ్ముడు పైడిరాజు, మునుసామి అనే ముసలాయన అడవి అంచున పాల కోసం రబ్బరు చెట్లు గీస్తుండగా గస్తీ దళం వచ్చింది. అప్పన్న సంచిలో అన్నం గిన్నె దొరికింది. మధ్యాహ్నం దాకా గీసే పని, ఆకలికి ఆగలేక తెచ్చుకున్న అన్నం. ఎండ ఎక్కేసరికి ముగ్గురూ చెట్ల వరసల మధ్య చచ్చి పడి ఉన్నారు. పారిపోబోతే కాల్చామని గస్తీ వాళ్ళు రాసిచ్చారు. జరిగింది కళ్ళారా చూసినది ఒక్క మనిషే. అప్పన్న భార్య నరసమ్మ. రబ్బరు పాల బకెట్లు పెట్టే పాక వెనక నించి చూసింది.

పది రోజుల తర్వాత తోట ఆఫీసులో విచారణ పెట్టారు. అప్పటికి కన్నబాబుకి ఇరవై ఏడేళ్ళు. కోర్టులో తాత్కాలికపు ఉద్యోగం, ఖాయం చేసే కాగితం కోసం ఎదురు చూస్తున్నాడు. క్లాంగ్ నించి అతన్ని ఒక పోలీసు దొర తన జీపులోనే ఎక్కించుకుని వెళ్ళాడు. దారిలో సిగరెట్టు ఇచ్చాడు. "ఈ పని తొందరగా తెమిలితే అందరికీ మంచిది" అన్నాడు. అంతే. బెదిరించలేదు, ఫలానా విధంగా చెప్పమనలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు కన్నబాబు ఆ జీపు ప్రయాణాన్ని గుర్తు చేసుకుని అందులో ఒక బెదిరింపు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

నరసమ్మని కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"ముగ్గుర్నీ వరసలో నిలబెట్టినారు బాబూ. ఒకడు మలాయిలో కేకేసినాడు, సెయ్యి అడవి ఏపు సాపినాడు. లగెత్తమన్నారు. మా వోళ్ళు లగెత్తినారు. ఎనకనించి పేల్చినారు."

కన్నబాబు అంతా ఇంగ్లీషులో చెప్పుకుంటూ వచ్చాడు. వరసలో నిలబెట్టారు, ఒకతను ఏదో అరిచాడు. అక్కడికొచ్చి కన్నబాబు ఆగాడు. విచారణ అధికారి కలం ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. పోలీసు దొర కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"వాళ్ళు పరుగెత్తారు" అన్నాడు కన్నబాబు. "వెనక నించి కాల్చారు."

కలం కదిలింది. గదిలో ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకుని సర్దుకు కూర్చున్నారు. పరుగెత్తమన్నారు అన్న ఒక్క మాట పడిపోయింది, దాంతో హత్య కాస్తా పారిపోయే వాళ్ళని ఆపడం అయిపోయింది.

అక్కడితో అయిపోతే పొరపాటనుకోవచ్చు. రాసింది సాక్షికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. అది కూడా దుబాసీ పనే. కన్నబాబు ఆ ఇంగ్లీషు కాగితం చేత్తో పట్టుకుని తెలుగులో చదివాడు. ఆ చోటికి వచ్చేసరికి నరసమ్మ మొహం వైపు చూశాడు. ఆమె ఒక్కొక్క మాటకీ తల ఊపుతూ వింటోంది.

"లగెత్తమన్నారు. మా వాళ్ళు లగెత్తారు" అని చదివాడు.

కాగితంలో ఆ మాట లేదు. నరసమ్మ తల ఊపి వేలిముద్ర వేసింది. పోయేముందు అతనికి దండం పెట్టింది.

పారిపోతుండగా కాల్చడం చట్ట ప్రకారం తప్పు కాదని విచారణ ముగించారు. మరుసటి నెలలో కన్నబాబు ఉద్యోగం ఖాయమైంది. దానికీ దీనికీ ఏమీ సంబంధం లేదని ఆఫీసులో అందరికీ తెలుసు, ఎలాగూ ఖాయమయ్యేదే. ఆ సంగతి తెలిసే కొద్దీ అతనికి మరీ సిగ్గుగా ఉండేది. ఎవరూ అడక్కుండానే, ఏమీ రాకుండానే చేశాడు.

ఇప్పుడు ఆరేళ్ళ తర్వాత దేవకి కారులో కౌలా సెలంగోర్ దారిన వెళుతూ ఆమె ఒళ్ళో ఉన్న ఫైలు వైపు చూడకుండా కూర్చున్నాడు. మెలాతి తోట గేటు దగ్గర కాపలావాడు డిక్కీ తెరిపించి చూశాడు. లైను ఇళ్ళ చుట్టూ అప్పట్లో వేసిన ముళ్ళతీగ ఇంకా ఉంది. దాని మీద ఎవరో చీర ఆరేశారు.

నరసమ్మ ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంది. ముప్పై ఆరేళ్ళకే చెంపలు లోపలికి పోయాయి. చెట్లు గీసే పని మానేసి గడ్డి తీసే పనిలోకి మారింది. కన్నబాబుని చూడగానే గుర్తు పట్టింది.

"నువ్వా బాబూ. రా, కూకో" అంది. లోపలికెళ్ళి అతనికి పీట తెచ్చి వేసింది. దేవకికి చాప పరిచింది. "ఆ దినం నువ్వొక్కడివే మా మాట ఇన్నావు. మిగతా వోళ్ళందరూ నన్ను పశువుని సూసినట్టు సూసినారు."

కన్నబాబు పీట మీద కూర్చున్నాడు. ఆమె అన్నది దేవకికి ఇంగ్లీషులో చెప్పలేదు. దేవకి ఏమందని అడిగితే, "గుర్తు పట్టింది" అన్నాడు.

నరసమ్మ మళ్ళీ అంతా చెప్పింది. ఆరేళ్ళు గడిచినా మాటలు మారలేదు. వరసలో నిలబెట్టినారు, ఒకడు కేకేసినాడు, లగెత్తమన్నారు. ఈసారి కన్నబాబు ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాడు.

దేవకి రాయడం ఆపి, ఫైలు తీసి పాత కాగితం చూసింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"అన్నా, ఇది చూడండి. అప్పుడు 'పరుగెత్తారు' అని మాత్రమే చెప్పింది. పరుగెత్తమన్నారని లేదు. ఇప్పుడు కొత్తగా కలిపిందని గవర్నమెంటు లాయరు పట్టుకుంటాడు. ఆ దినం ఎందుకు చెప్పలేదో అడగండి."

కన్నబాబు నరసమ్మ వైపు తిరిగి అడిగాడు. తన గొంతుతో తనే అడిగాడు, ఆ రోజు ఎందుకు చెప్పలేదని.

నరసమ్మ అతని మొహం లోకి చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం అంతే.

"ఏటి బాబూ అలగంటావు? సెప్పినాను కదా. నువ్వే కాయితం సదివి ఇనిపించినావు. లగెత్తమన్నారని అందులో ఉంది. ఇనే ఏలుముద్దర ఏసినాను."

దేవకి కలం పట్టుకుని ఎదురు చూస్తోంది. నరసమ్మ గబగబా మాట్లాడింది కనక ఆమెకి సగం కూడా అందలేదు.

"అప్పుడు కూడా చెప్పానంటోంది" అన్నాడు కన్నబాబు ఇంగ్లీషులో.

"అంతేనా?"

"అంతే."

దేవకి రాసుకుంది. నరసమ్మ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాను సెప్పిందంతా సెప్పినావా బాబూ?" అని అడిగింది.

"సెప్పినాను" అన్నాడు, ఆమె మాటలోనే.

ఆ మధ్యాహ్నం ఆమె వాళ్ళని టీ తాగకుండా కదలనివ్వలేదు. కన్నబాబు ఆ టీ తాగాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో దేవకి విచారంగా అంది, "పాపం, అబద్ధం చెప్పే మనిషి కాదన్నా. కానీ ఏళ్ళు గడిచినాయి కదా, మనసు తానే కలుపుకుంటుంది. ఈ సాక్ష్యం నిలబడదు."

అతను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక తిండి సయించలేదు. రెండో రోజు కూడా పళ్ళెం ముందు నించి లేచిపోతుంటే కూర్మమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కూర్మమ్మ ఇలాంటి లైను ఇంట్లోనే పుట్టింది, తల్లీ తండ్రీ చెట్లు గీసి పెంచారు. అతను తల వంచుకుని మొత్తం చెప్పాడు. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి చదివిన సంగతీ, మొన్న మళ్ళీ చేసిన పనీ చెప్పాడు.

కూర్మమ్మ పళ్ళెం తీసేసి వచ్చి కూర్చుంది.

"ఆ మడిసి ఏలుముద్దర కాయితం మీద ఏయనేదు. నీ నోటి మీద ఏసింది" అంది. "నాను ఆ తోటలో ఉండుంటే, నా మాటా అలగే సేసుందువా?"

అతను నోరు తెరిచి అలాంటిదేమీ లేదనబోయాడు. ఆ మాట కూడా ఆమె నమ్మదని తోచి ఊరుకున్నాడు.

మరునాడు కోర్టుకి సెలవు పెట్టి, రైలెక్కి కౌలాలంపూర్ వెళ్ళాడు. దేవకి ఆఫీసు ఒక బట్టల కొట్టు పై అంతస్తులో ఉంది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. తీరా కూర్చున్నాక, ముందు చెప్పాలనుకున్నది వెనక్కి పోయింది.

"ఆ రోజు ఆవిడ చెప్పింది. నా తర్జుమాలో ఒక మాట పడిపోయింది" అన్నాడు.

దేవకి కుర్చీలోంచి సగం లేచింది. "నిజమా అన్నా? మీరు అఫిడవిట్ ఇస్తారా? దుబాసీయే చెప్తే ఇంకేం కావాలి?" కాగితం తీసి అప్పటికప్పుడు రాయడం మొదలుపెట్టింది. రాసింది పైకి చదివింది. తీవ్రమైన పని ఒత్తిడిలో, వయసూ అనుభవమూ తక్కువైనందువల్ల, పొరపాటున ఒక మాట తప్పిపోయింది. ఆ వాక్యం ఎంత మెత్తగా ఉందంటే కన్నబాబుకి అందులో దూరి పడుకోవాలనిపించింది.

"మీ ఉద్యోగానికి కూడా ఇబ్బంది రాకుండా రాసినాను" అంది దేవకి. అని, కలం ఆపింది. "ఒక్కటే అర్థం కావడం లేదన్నా. సంతకానికి ముందు తిరిగి చదివి వినిపిస్తారు కదా. మాట తప్పితే ఆవిడ అప్పుడే అనేది కదా, ఇది కాదు నేను చెప్పింది అని?"

కింద కొట్టులో ఎవరో బట్ట చింపుతున్న చప్పుడు వినిపించింది. భయపడి ఉంటుంది అంటే సరిపోతుంది. చదువులేని మనిషి, గమనించలేదు అన్నా సరిపోతుంది. తప్పు మళ్ళీ నరసమ్మ మీదికే పోతుంది.

"ఆవిడ అనలేదు" అన్నాడు కన్నబాబు. "ఎందుకంటే నేను తెలుగులో చదివినప్పుడు ఆ మాట చదివాను. కాగితంలో లేదు. ఉన్నట్టు చదివాను."

దేవకి కలం కింద పెట్టింది.

"మిమ్మల్ని ఎవరైనా బెదిరించినారా?"

"లేదు."

"ఏమైనా ఇస్తామన్నారా?"

"లేదు. ఆ గదిలో అందరికీ ఆ మాట ఇష్టం లేదనిపించింది. అంతే."

"మొన్న అరుగు మీద ఆవిడ మీతో ఏదో పొడుగ్గా చెప్పింది. మీరు ఒక్క ముక్క చెప్పినారు నాకు."

"నువ్వే చదివి వినిపించావు కదా అంది. అది మీకు చెప్పలేదు."

దేవకి రాసిన కాగితాన్ని రెండుగా చింపి బుట్టలో వేసింది. కొత్త కాగితం తీసింది. "మొదటినించి చెప్పండి" అంది. అన్నా అనడం అక్కడితో ఆగిపోయింది. జీపు నించి మొన్నటి టీ దాకా రెండు గంటలు చెప్పాడు. ఆమె ఒక్కసారి కూడా మీరు మంచి పని చేస్తున్నారని అనలేదు. చివర్లో, దీని వల్ల కేసు కూడా పెట్టవచ్చు అని మాత్రం చెప్పింది. సరేనని సంతకం పెట్టాడు. సంతకం తనది కానట్టు వచ్చింది. దాని పక్కన వేలిముద్ర కూడా వేయమంది. వేశాడు.

కేసు పెట్టలేదు. ఉద్యోగం మాత్రం తీసేశారు. ఆఫీసులో అతనితో పదేళ్ళు పనిచేసిన వాళ్ళు ఆఖరి రోజున బల్లల మీదికి వంగి పని చేసుకుంటూ ఉండిపోయారు. పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవులో ఓడల్లోంచి దింపిన పెట్టెలకి నంబర్లు వేసే పని దొరికింది. ఎనిమిది నెలల తర్వాత ప్రభుత్వం నించి దేవకి కమిటీకి మూడు వాక్యాల జవాబు వచ్చింది. గస్తీ దళం వాళ్ళు దేశం విడిచి వెళ్ళారు, దుబాసీ వాంగ్మూలాన్ని రికార్డులో చేర్చాం, తిరిగి విచారించే ఉద్దేశం లేదు.

"మీరే వెళ్ళి ఆవిడకి చెప్పండి" అని దేవకి కబురు పంపింది. కవరులో అఫిడవిట్‌కి తెలుగు తర్జుమా కూడా పెట్టింది.

కన్నబాబు బస్సులో వెళ్ళాడు. నరసమ్మ పని నించి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఈసారి ఆమె పీట తెచ్చేలోపే చెప్పడం మొదలుపెట్టాడు. నిలబడే చెప్పాడు. చెంబు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అతను ఆపాక కూడా ఆమె చెంబు దించలేదు.

"అయితే దొరలు నా మాట ఇన్నేదన్నమాట" అంది.

"వినలేదమ్మా."

"నాను ఏటనుకున్నాను... ఇన్నారు, ఇని కూడా కూలోళ్ళ పేణాలు కదా అని ఒగ్గేసినారనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆళ్ళని తిట్టుకున్నాను. నీ పేరు ఒక్కసారి కూడా తిట్టనేదు బాబూ."

అతను జేబులోంచి కాగితం తీశాడు. "ఇందులో అంతా రాసిచ్చాను. చదివి..."

"నువ్వు సదవొద్దు" అంది నరసమ్మ.

కాగితం తీసుకుని పక్కింటికి వెళ్ళింది. పక్కింటి కోడలు పాపాత్తి తోట బడిలో తెలుగు చదువుకుంది. ఇద్దరూ ఆ ఇంటి లోపల కూర్చున్నారు. కన్నబాబుని రమ్మనలేదు, పొమ్మనలేదు. రెండిళ్ళ మధ్య ఎండలో నిలబడ్డాడు. పాపాత్తి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. లైనులో పిల్లలు, ముసలివాళ్ళు ఒక్కొక్కరే ఆ గుమ్మం దగ్గర చేరారు. చదవడం పూర్తయ్యేసరికి అందరూ తిరిగి అతని వైపు చూశారు. ఒక ముసలాయన ఉమ్మి వేయబోయి, ఏమనుకున్నాడో, మింగేశాడు.

నరసమ్మ బయటికొచ్చింది. కాగితం మడత పెట్టి నడుము దగ్గర దోపుకుంది.

"ఇది నా కాడే ఉంటది" అంది. "బస్సు ఏళైనాది. ఎల్లు."

అతను వెళ్ళాడు. మళ్ళీ రమ్మని ఆమె అనలేదు, అతనూ వెళ్ళలేదు.

దేవకి కమిటీ పని ఆగలేదు. ఇంకా చాలా తోటలు, ఇంకా చాలామంది సాక్షులు మిగిలే ఉన్నారు. దుబాసీ మీద ఆధారపడితే కుదరదని ఆమె నిశ్చయించుకుంది. తోటల తెలుగు నేర్చుకోవడానికి ప్రతి రెండో ఆదివారం కూర్మమ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ముందు గదిలో చాప మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. "వదినా, ఇంకోసారి మెల్లగా చెప్పండి లా" అని దేవకి అడిగేది, కూర్మమ్మ ఓపిగ్గా చెప్పేది. కారు చప్పుడు వినపడగానే కన్నబాబు వెనక గదిలోకి వెళ్ళిపోయేవాడు. దేవకి మాటల్లో తప్పులు అతనికి గోడ అవతలి నించి వినిపించేవి. సరిదిద్దడానికి నోటిదాకా వచ్చేది. మాట్లాడేవాడు కాదు. ఆమె వెళ్ళిపోయిందని కూర్మమ్మ వచ్చి చెప్పేదాకా అక్కడే మంచం మీద కూర్చుని ఉండేవాడు.